ముగ్గుమీది మరక

వంటలనుగూర్చియు, కుట్టుపనినిగూర్చియు, బిడ్డల పెంపకమునుగూర్చియు వ్రాయు సోదరీమణులు పెక్కురు గలరు. బియ్యపుమూటలు మోయు పికప్ బండిక్రింద కారిన మరకనుగూర్చి యొక ఇల్లాలు వ్రాయబూనుట చూచి కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను సరే, కడవరకు చదువుడని వేడుచున్నాను. ఏలయన, ఆ మరకను మొట్టమొదట చూచినవారు మా యింటి మగవారు కారు. బండి నడపు మా మరదియు కాడు. తెల్లవారుజామున వాకిలి యూడ్చు నేనే చూచితిని. చూచియు, పదిదినములు దానిని తుడిచివేసినదియు నేనే. ఆ తప్పు నొప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నంద్యాల. నా భర్తగారికి చిన్న బియ్యపు కొట్టు కలదు. కె.సి. కాలువక్రింద పండిన సన్నబియ్యమును మిల్లులనుండి తెచ్చి చుట్టుపట్టుల యూళ్లకు చేర్చుట మా జీవనము. అందులకై నాలుగేండ్ల క్రిందట పాత పికప్ బండి నొకదానిని కొంటిమి. ముందర నిద్దరు ముగ్గురు కూర్చుండుటకు గది, వెనుక మూటలు వేయుటకు తొట్టి, ఇదియే దాని రూపము. మా మరది దానిని నడపును. పగలెల్ల తిరిగి, రాత్రికది మా యింటిముందరి బండలమీదికి వచ్చి నిలుచును. అవి బేతంచెర్లనుండి తెచ్చి పరపించిన లేతవన్నె బండలు. వానిపై ఏమి పడినను దాగదు.

నా పుట్టినిల్లు ఆళ్లగడ్డ. మా అన్నగారు రాతిపనివారు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతావిగ్రహములు ఎక్కడెక్కడి దేవాలయములకో పోవుచుండునని సోదరీమణులలో పెక్కురు వినియే యుందురు. 2025వ సంవత్సరము వైశాఖమాసమున మా అన్నగారి కుమార్తె వివాహము కుదిరినది. పెండ్లిబియ్యము మేనత్త యింటినుండి పోవలెనని నా ముచ్చట. ముహూర్తమునకు రెండుదినముల ముందు బియ్యము బండికెత్తి, మూటలమీద పరుపులు పరచి, మా అత్తగారు మొదలుకొని పొరుగింటి చంటిబిడ్డవరకు పదునొకండుగురము ఆ తొట్టియందే కూర్చుండి పోవుటకు నిశ్చయించుకొంటిమి. సరకులబండిలో మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరుద్ధమని మాకు తెలియకపోలేదు. కాని తెలిసినదంతయు మనమాచరించుచున్నామా? పెండ్లిండ్లకును జాతరలకును అట్లే పోవుట మా ప్రాంతమున నలవాటు. ఆ అలవాటే మా ధైర్యము.

నంద్యాలకును ఆళ్లగడ్డకును సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలునుండి కడపకు పోవు జాతీయరహదారి. రాత్రింబవళ్లు లారీలు ఒకదానివెంట నొకటి పరువులిడుచుండును. శిరివెళ్ల మెట్టకడ జరిగిన ప్రమాదములనుగూర్చి వినని యిల్లు మా వీథిలో లేదు.

ఇక నా తప్పుమాట. ప్రయాణమునకు పదిదినములకు ముందు ఒక తెల్లవారుజామున, బండి కదలిపోయిన తరువాత, బండమీద రూపాయి బిళ్లంత మరక కనబడెను. నేను సబ్బుపొడి చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది, కడిగి, దానిమీదనే ముగ్గు పెట్టితిని. మూడవనాడు మరల కనబడెను. మరల రుద్దితిని. “పాడుబండి, వాకిలంతయు చెరుపుచున్నది” అని విసుగుకొంటినే కాని, ఈ తడి యెక్కడిది, ఏల కారుచున్నది అని నన్ను నేనడుగలేదు, ఒరుల నడుగలేదు. పెండ్లిపిలుపులకు వచ్చిపోవువారు వాకిలి చూచి యేమనుకొందురో యను సిగ్గే నాకు పెద్దదిగా నుండెను.

ప్రయాణమునకు ముందటినాడు వాకిటినిండ పెద్ద ముగ్గు వేసితిని. ఆ రాత్రి మరది చాల ప్రొద్దుపోయి వచ్చి, చీకటిలో బండిని ముగ్గుమీదనే నిలిపి, వెనుకచక్రమునకు అడ్డముగా రాయి పెట్టి పండుకొనెను. మరునాడు తూర్పు తెల్లవారకముందే లేచి, మూటలెత్తుటకు వీలుగా బండిని నాలుగు బారలు ముందునకు జరిపెను. నేను చీపురు పట్టుకొని వెళ్లితిని. చెదరిన ముగ్గు నడుమ అరచేతి వెడల్పున తడిసిన మరక. ముగ్గుపిండి దానిని పీల్చుకొని ముద్దయై యుండెను. నిన్నటివరకు రూపాయి బిళ్లంత యున్నది నేడు అరచేయంత యైనది.

చీపురు చేతనుండియు నేను ఊడ్వలేదు. ఏదో మనసు కట్టివేసినట్లుండెను. మరదిని పిలిచి చూపితిని. అతడు కన్నులు నులుముకొని చూచి, “అది ఏ.సి. నీళ్లు వదినా. ఎండాకాలం గదా, చల్లగాలి పెట్టుకుంటే కారక ఏం చేస్తాయి?” అనెను. మా అత్తగారు గడపకడనుండి, “ప్రయాణం పొద్దున అపశకునం మాటలేంటికమ్మా? వాడు నడిపేటోడు, వానికి తెలీదా?” అని మందలించిరి.

నడపువానికి తెలియుననుట నిజమే. కాని నీటి సంగతి నాకును తెలియును. నలుబదియేండ్లుగా నీళ్లతోనే కదా నా కాపురము! వైశాఖపు రాత్రి బండలమీద పడిన నీరు తెల్లవారువరకు నిలుచునా? గడియలో ఆరిపోవును. ఇది యారలేదు. ఇక రెండవది. అడ్డముపెట్టిన రాయి కదలక యట్లే యుండెను గనుక రాత్రి వెనుకచక్రమెక్కడ నిలిచినదో తెలియుచునే యున్నది. మరక ఆ ఎడమ వెనుకచక్రమునకు లోపలిప్రక్కను పడినది. ఏ.సి. నీరు ముందరిగదిక్రింద కారవలెను గాని వెనుకచక్రముకడకు ఎట్లు పోవును? మూడవది. వ్రేలితో తాకితిని. జారుచున్నది. వాసన చూచితిని. కిరసనాయిలు వాసన లేదు, డీజిలు వాసన లేదు. కొంచెము చేపనూనెను తలపించునట్టి వాసన యేదో లీలగా తోచెను.

ఐనచో ఇది నూనెయా? దేవునియరలోనుండి వత్తులకుంచిన ప్రత్తి తెచ్చి, చక్రము లోపలివైపున టైరుమీద తుడిచితిని. ప్రత్తి తడిసి గోధుమవన్నె యయ్యెను. పాత గాజుగ్లాసులో నీరు పోసి అందు దానిని పిండితిని. మన కెరుకయే గదా, వేరుసెనగనూనె గాని ఆముదము గాని నీటిపై తేలి కన్నులవలె నిలుచును. ఇది తేలలేదు, నీటిలో కలిసిపోయెను. నీరుకాదు, ఏలయన ఆరలేదు. నూనె కాదు, ఏలయన తేలలేదు. మరి యేమి? గ్లాసు తెచ్చి మరది కన్నులముందు పెట్టి, “నాయనా, ఇది నీళ్లును కాదు, నూనెయు కాదు. ఏమిటో చెప్పినగాని నేను బండియెక్కను, బిడ్డల నెక్కనీయను” అంటిని. పెండ్లియై వచ్చినది మొదలు ఆ యింట నేనంత గట్టిగా పలికియుండలేదు.

మరది ముఖమున నిద్రమత్తు విడిపోయెను. మాటాడక పోయి బానెట్టు ఎత్తెను. అందొక చిన్న తెల్లని డబ్బా కలదు. లోపలి ద్రవము బయటికి కనబడును. దానిపై ఎక్కువకొక గీత, తక్కువకొక గీత యుండును. ద్రవము క్రిందిగీతకు దిగువకు పోయి యుండెను. అతడు మెల్లగా, “మొన్ననే పోసినా వదినా ఇందులో. తగ్గిందని సీసా తెచ్చి నింపినా. మళ్లీ దిగిపోయింది” అనెను. తరువాత లోపల కూర్చుండి, ఇంజను నడుచుచుండగా బ్రేకును అదిమిపట్టి చూచెను. పెడలు ఒకచోట నిలువక, తడిమట్టిలో కాలు దిగినట్లు, మెల్లమెల్లగా క్రిందికి దిగిపోవుచుండెను.

సోదరీమణులారా, ఇచట నొకమాట చెప్పవలెను. నేను మరకను తుడిచితిని. అతడు డబ్బాను నింపెను. ఇద్దరమును కష్టపడి పనిచేసినవారమే. ఇద్దరమును ఆ కష్టముచేతనే కీడును దాచితిమి. నేను తుడువక చూపియున్నను, అతడు పోయుటకు ముందు “ఎక్కడికి పోయినది?” అని యడిగియున్నను, పదిదినముల ముందే సంగతి బయటపడియుండెడిది. బ్రేకు ఆయిలు వంటనూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగునది. బ్రేకు లైనర్లు అరిగినకొలది నెలల తరబడి కొంచెము దిగును గాని, పదిదినములలో గీతదాటి దిగినదన్నచో అది యెక్కడనో కారుచున్నదనియే యర్థము.

వీథిచివరి షెడ్డునుండి మేస్త్రి వచ్చెను. ముందుచక్రములకు ముందును వెనుకను రాళ్లు పెట్టించి, వెనుకభాగమును జాకీతో లేపి, జాకీ నమ్మరాదని ఇరుసుక్రింద దిట్టమైన కొయ్యదిమ్మెలు పెట్టెను. చక్రము విప్పి డ్రమ్మును లాగినంతనే కారణము కనబడెను. డ్రమ్ములోపల రెండు లైనర్ల నడుమ బొటనవ్రేలంత చిన్న సిలిండరు. దాని రెండుకొనలయందును రబ్బరు కప్పులు. ఒక కప్పు అంచు అరిగి చిట్లియున్నది. బ్రేకు త్రొక్కినప్పుడెల్ల ఆ సందునుండి ద్రవము చిమ్మి లైనర్లను తడిపి, డ్రమ్ము అంచుగుండ టైరు లోపలివైపునకు జారినది. చక్రమునకు వేసిన రంగుకూడ అచట పొక్కి లేచియుండెను. బ్రేకు ఆయిలు రంగును తినివేయునని మేస్త్రి చూపెను.

“ఈ పొద్దే బ్రేకు పోతుందని చెప్పలేనక్కా, పోదనీ చెప్పలేను” అనెను మేస్త్రి. “బ్రేకులకు రెండు దారులుంటాయి. ఒకటి పోయినా ఇంకొకటి పట్టుకుంటుంది. కానీ వెనక ఇంత బరువు, ఇంతమంది మనుషులు. నిలబడాల్సిన చోట నిలబడదు, ఇంకా ముందుకు పోయి నిలబడుతుంది. ఆ ముందు ఏముందో ఎవరికి తెలుసు?”

ఆ మాట విని మా అత్తగారు గడపమీద కూర్చుండిపోయిరి. పొరుగింటామె చంటిబిడ్డను ఎత్తుకొని లోపలికి పోయెను. ఒకరును ఏమియు ననలేదు.

కాలితో మెల్లగా త్రొక్కిన త్రొక్కుడు టన్నుల బరువును ఎట్లు నిలుపునని నాకెప్పుడును ఆశ్చర్యము. పదునేడవ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి విద్వాంసుడు, మూసిన పాత్రయందలి ద్రవము నొకచోట నొక్కినచో ఆ యొత్తిడి తగ్గక అన్నివైపులకు సమానముగా పోవునని నిరూపించెను. ఆ సూత్రముననే 1921 ప్రాంతమున అమెరికాయందు డ్యూసెన్‌బర్గ్ అను కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వచ్చెను. నేటి మన కార్లును చిన్నబండ్లును ఆ దారినే నడచుచున్నవి. కాలు నొక్కినది ముందరిగదిలో, పట్టినది వెనుకచక్రమున. నడుమనున్నది గొట్టములలోని గుక్కెడు ద్రవమే. అది కారిపోయినచో, లేక దానిలో గాలి చొచ్చినచో, ఎంత త్రొక్కినను ఒత్తిడి చక్రమునకు చేరదు.

ఆ ద్రవము నీటిలో కలియునన్న సంగతి నా గ్లాసు చూచియే మేస్త్రి వివరించెను. డాట్ 3, డాట్ 4 అని సీసాలమీద వ్రాసియుండు బ్రేకు ఆయిలు పేరునకు ఆయిలే గాని నిజమైన నూనె కాదు. అది నీటితో కలియును. గాలిలోని తేమను సైతము మెల్లగా పీల్చుకొనును. అందుచే మూతతీసిన పాతసీసా పనికిరాదు. క్రొత్త డాట్ 3 ద్రవము 205 డిగ్రీల సెంటిగ్రేడువరకును మరుగరాదు. తేమ పట్టినపిమ్మట ఆ మేర 140 డిగ్రీలకు తగ్గును. డాట్ 4 నకు ఈ లెక్కలు 230, 155. నంద్యాలనుండి గిద్దలూరికి నల్లమలలో ఘాటుదిగునప్పుడు మాటిమాటికి త్రొక్కినచో బ్రేకులు కాలి, తేమపట్టిన ద్రవము మరిగి ఆవిరియగును. ఆవిరి యొత్తిడికి లొంగునది గనుక పెడలు మెత్తబడి బ్రేకు పట్టదు. కావుననే కారినను కారకున్నను రెండేండ్ల కొకమారు దానిని మార్పించుట మేలని చెప్పుదురు.

మరది క్రొత్త సామాను తెచ్చుటకు బజారునకు పోయెను. రెండు వెనుకచక్రములకును సిలిండర్లు మార్చవలెననియు, తడిసిన లైనర్లు కడిగినను పనికిరావు గనుక అవియు జతగా మార్చవలెననియు మేస్త్రి నిర్ణయము. పని ముగిసినపిమ్మట గొట్టములలోని గాలి తీయవలెను. ఒకరు లోపల కూర్చుండి పెడలు త్రొక్కవలెను. ఒకరు చక్రముకడ చిన్న మర విప్పి కట్టవలెను. మరది మూటలవారికి కూలి తీర్చుచుండెను. నా భర్తగారు కొట్టుకు పోయియుండిరి. “నేను త్రొక్కుదునా అన్నా?” అని యడిగితిని.

చీరకుచ్చెళ్లు సవరించుకొని జీవితమున మొదటిసారి నేను బండి నడపువాని పీటమీద కూర్చుంటిని. క్రిందినుండి మేస్త్రి గొంతు, “తొక్కక్కా… తొక్కు… పట్టుకో, వదలొద్దు…” అని వినబడుచుండెను. మొదట పూరీపిండిని అదిమినట్లు కాలిక్రింద మెత్తగా నుండెను. గొట్టమునుండి బుడగలు బుడగలుగా ద్రవము వచ్చుచున్నదని అతడు చెప్పుచుండెను. డబ్బా వట్టిపోకుండ నడుమనడుమ నింపుచుండెను. చాలసారులు త్రొక్కిన తరువాత బుడగలు నిలిచెను. నా కాలిక్రింద పెడలు రాయివలె గట్టిపడెను. ఆ గట్టిదనము నేటికిని నా యరికాలికి జ్ఞప్తియున్నది. మాటలతో నూరుసారులు విన్నను అంత బాగుగా తెలిసియుండదు.

ఆ మధ్యాహ్నము బియ్యము మాత్రము బండిలో పోయినది. ఆడువారము, పిల్లలము బస్సెక్కి పోయితిమి. సాయంకాలము పసుపు దంచువేళకు అందరమును ఆళ్లగడ్డ చేరితిమి. ఆలస్యమునకు కారణము విని మా అన్నగారు నవ్వి, తన పనిచోటునకు పిలుచుకొనిపోయి ఒక రాతిని సుత్తితో మెల్లగా తట్టిరి. గంటవలె మ్రోగెను. ప్రక్కరాతిని తట్టిరి. బొంగురుగా పలికెను. “పైకి రెండును ఒకటే నునుపు చెల్లెలా. దీనిలోపల పగులుంది. ముందే తట్టి తెలుసుకుంటే రాయి ఒకటే నష్టం. తెలుసుకోకుంటే ముక్కు చెక్కేనాడు మూడునెలల పని నష్టం” అనిరి. నా మరకయు ఆ బొంగురుధ్వనియే యని నాకు తోచెను. అది పదిదినములు పలుకుచునే యున్నది. నేను దాని నోరు మూయుచు వచ్చితిని.

మేస్త్రి నాటినుండి నేటివరకు నాకు చెప్పినదియు, నేను చూచి నేర్చినదియు మీకును చెప్పెదను. ఇంటిముందు బండియున్న ప్రతి యిల్లాలికిని ఇది పనికివచ్చును. మరకను చూచునప్పుడు ఐదు ప్రశ్న లడుగవలెను. ఎక్కడ పడినది? ఏ రంగు? తాకిన నెట్లున్నది? ఏమి వాసన? ఆరినదా, ఆరలేదా?

రంగు, వాసన లేక, ముందరిగదిక్రింద పడి, కొంతసేపటికి ఆరిపోవునది ఏ.సి. నీరు. దానికి భయము లేదు. ఇంజనుక్రింద పడిన కాటుకవంటి నల్లని జిడ్డు ఇంజను ఆయిలు. క్రొత్తది తేనెవన్నె గాని డీజిలుబండిలో కొలదికాలమునకే నల్లబడును. చాంబరు బిరడాకడనో, ఫిల్టరుకడనో, బిళ్లల సందులనో కారును. చుక్కలైనచో వారములో చూపవచ్చును. ధారయైనచో ఇంజను ఆపవలెను. ఆముదమువలె చిక్కగానుండి గంధకపు దుర్వాసన గలది గేరు ఆయిలు. అది బండి నడిమిభాగమునను, వెనుక ఇరుసు నడుమనుండు గుండ్రని హౌసింగుక్రిందను పడును. ఇరుసుకొన సీలు చెడినచో అదియు వెనుకచక్రము లోపలికే కారును గనుక బ్రేకు ఆయిలని భ్రమింపవచ్చును. అట్టిచోట గ్లాసులోని నీటిపరీక్ష అక్కరకు వచ్చును. గేరు ఆయిలు తేలును. బ్రేకు ఆయిలు కలియును. ముందుభాగమున కుంకుమనీళ్లవలె ఎఱ్ఱగా కనబడు జిడ్డు కొన్నిబండ్లలో పవర్ స్టీరింగు ఆయిలు. డీజిలు పలుచగా వ్యాపించి తనవాసనతో తానే తెలుపుకొనును. అది కనబడినచో దరిదాపుల దీపముగాని పొయ్యిగాని వెలిగింపరాదు.

ఆకుపచ్చగనో గులాబివన్నెగనో ఉండి తీపివాసన కొట్టునది రేడియేటరులోని కూలెంటు. దీనినిగూర్చి తల్లులు ప్రత్యేకముగా జాగ్రత్తపడవలెను. ఇందు సాధారణముగా వాడు ఎథిలీన్ గ్లైకాల్ అను పదార్థము రుచికి తీయగానుండు విషము. కుక్కలు, పిల్లులు నాకి చచ్చుట కలదు. పిల్లలు ప్రాకు వాకిట అది పడినచో వెంటనే ఇసుకగాని బూడిదగాని చల్లి యెత్తి, ఎవరికిని అందనిచోట వేయవలెను, కాలువలోనికి కడుగరాదు. వేడిగానున్న ఇంజనుపై రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. ప్రెషరుకుక్కరు మూతను ఆవిరితో తీసినట్లే యగును. ఏ మరకనైనను రుచిచూడరాదు. తాకినచేతిని సబ్బుతో కడుగుకొనవలెను.

ఇంకొకమాట మరువరాదు. చుక్క పడినచోటే చిల్లియున్నదని తలపరాదు. మట్టిమిద్దె కారునప్పుడు నీరు దూలమువెంబడి పాకి వేరొకచోట పడుట మనము చూచియేయున్నాము. బండిలోను అంతే. పైనెక్కడనో ఊరిన ద్రవము ఇనుపకమ్ములవెంబడి జారి పల్లమున చుక్కయగును; నడుచునప్పుడు గాలి దానిని వెనుకకు తోయును. కావున చుక్కనుండి పైపైకి తడిని వెదకిపోవలెను. మేస్త్రులు జిడ్డును శుభ్రముగా తుడిచి, మెత్తని తెల్లపొడి చల్లి, కొంతదూరము బండి నడపి, పొడి యెచట ముందుగా తడిసినదో చూచుట కలదు. ఆ మాట విని నాకు నవ్వువచ్చెను. నా ముగ్గుపిండి నేనెరుగకయే ఆ పని చేసినది గదా!

ఇప్పుడు మా యింట వారమున కొకరాత్రి బండిక్రింద పాత అట్టపెట్టెలు విప్పి పరచుచున్నాను. చక్రములున్నచోట బొగ్గుతో గుర్తుపెట్టి, మూలను తేదీ వ్రాయుదును. ఉదయము మరది వచ్చి, “ఏం చదివినావు వదినా ఈ పొద్దు?” అని యడుగును. పరిహాసముగా మొదలైన ప్రశ్న ఇప్పుడు పరిహాసము కాదు. మొన్న మూడుచుక్కల నల్లమరక కనబడినది. ఇంజను ఫిల్టరు వదులైనదని తేలెను. బిగింపించుటతో సరిపోయినది. తొట్టిలో మనుష్యులు కూర్చుండుట మాత్రము మా యింట నాటితో నిలిచిపోయెను. ఆ మాట ముందుగా పలికినవారు మా అత్తగారు.

వాకిటి బండమీది ఆ పాతమరక పూర్తిగా పోలేదు. నేనును రుద్దలేదు. ముగ్గు వేయునప్పుడు దానినొక చుక్కగా నెంచుకొని చుట్టును గీత త్రిప్పుచున్నాను. సోదరీమణులారా, శుభ్రము మన ధర్మమే. కాని తుడుచుటకు ముందు ఒక్కక్షణము వంగి చూచి, ఇది యెక్కడినుండి వచ్చెనని యడుగుడు. వాకిటి మరకయైనను సరే, గోడమీది చెమ్మయైనను సరే, బిడ్డ చొక్కామీది నెత్తురుచుక్కయైనను సరే. అడిగిన తరువాత తుడువవచ్చును. చీపురు ఎక్కడికిని పోదు.